చెవి రంధ్రం మూసుకుపోయి పుట్టిన బిడ్డకి లోపలి చెవి ఎలా ఉంటుంది?

కాన్పు గదిలోంచి బిడ్డని బయటికి తెచ్చినప్పుడు ఒక చెవి దొప్ప చిన్నగా ముడుచుకుపోయి, రంధ్రం ఉండాల్సిన చోట ఉత్త చర్మం కనిపిస్తే, ఇంట్లోవాళ్ళు మొదట అడిగేది దాదాపు ప్రతిసారీ ఒకటే. "ఆపరేషన్ చేసి రంధ్రం పెట్టించొచ్చా డాక్టర్‌గారూ?" అడగడంలో తప్పేమీ లేదు, ఎవరికైనా ముందు కంటికి కనపడేదే కదా బాధ పెడుతుంది. కానీ ఆ ప్రశ్న వంతు ఐదారేళ్ళకి గానీ రాదు. మొదటి మూడు నెలల్లోనే తేలాల్సింది ఇంకొకటి ఉంది: ఆ చర్మం వెనక, ఎముక లోపల దాక్కుని ఉండే లోపలి చెవి సరిగ్గా తయారైందా లేదా? బిడ్డకి మాటలు ఎలా వస్తాయి, ఏ వినికిడి మిషన్ పనికొస్తుంది, రేపు రంధ్రం పెట్టే ఆపరేషన్ వల్ల ఉపయోగం ఉంటుందా, అన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

చెవి కాలువ ఇలా మూసుకుపోవడాన్ని డాక్టర్లు ఆరల్ అట్రీసియా అంటారు. చెవి దొప్ప చిన్నదిగా, ఆకారం లేకుండా ఉంటే మైక్రోషియా. రెండూ చాలాసార్లు కలిసే వస్తాయి. సుమారు 10,000 నుంచి 20,000 కాన్పులకి ఒక బిడ్డ ఇలా పుడుతుంది. ఎక్కువమందికి ఒక వైపే ఉంటుంది, అందులోనూ కుడి వైపు ఎక్కువ, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ.

కాలువ లేదు కాబట్టి ఆ చెవి పూర్తిగా చెవుడు అనుకుంటారు చాలామంది. అలా కాదు. గాలిలో వచ్చే శబ్దానికి దారి మూసుకుపోయింది అంతే. శబ్దం గట్టిగా ఉంటే పుర్రె ఎముకే అదిరి ఆ అదురు నేరుగా లోపలి చెవికి చేరుతుంది. అందుకే దారి మూసుకుపోవడం వల్ల మాత్రమే వచ్చే లోటు సుమారు 60 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి పెరగదు. మనం ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాట కూడా అటూ ఇటూగా 60 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి ఆ చెవికి మాటలు అందీ అందనట్టు ఉంటాయి, తలుపు గట్టిగా వేస్తే మాత్రం వినపడుతుంది. ఈ 60 అనే అంకె గుర్తుపెట్టుకోండి. ఎవరి రిపోర్టులోనైనా మూసుకుపోయిన చెవికి 80 అనో 90 అనో రాసి ఉంటే, కాలువ ఒక్కటే కారణం కాదని, లోపలి చెవిలో కూడా ఏదో తేడా ఉండొచ్చని అనుమానించాలి.

ఎక్కువమంది పిల్లల్లో లోపలి చెవి బాగానే ఉంటుంది. బయట అంత తేడా ఉన్నప్పుడు లోపల ఎలా బాగుంటుంది అని ఆశ్చర్యం వేస్తుంది గానీ, కడుపులో చెవి తయారయ్యే తీరు చూస్తే అర్థమవుతుంది.

లోపలి చెవి మొదలయ్యేది పిండం తల పక్కన, మెదడు కాబోయే భాగాన్ని ఆనుకుని. గర్భం నిలిచిన 22వ రోజు ప్రాంతంలో అక్కడి పైపొర ఒక చోట కాస్త దళసరి అవుతుంది. ఆ చోటు గుంట పడి, లోపలికి దిగి, పైన మూసుకుని నాలుగో వారం ముగిసేసరికి ఒక చిన్న సంచీ అయి కూర్చుంటుంది. ఆ సంచీలో ఒక భాగం సాగి రెండున్నర చుట్లు తిరిగి కాక్లియా అవుతుంది, శబ్దాన్ని నరానికి అందించే పని దానిది. ఇంకో భాగంలోంచి ఒళ్ళు తూలకుండా చూసే మూడు అర్ధవృత్తాకార గొట్టాలు వస్తాయి. పదో వారానికల్లా కాక్లియా చుట్లు పూర్తవుతాయి. పుట్టేసరికి లోపలి చెవి పెద్దవాళ్ళకి ఉండే సైజులోనే ఉంటుంది, ఆ తర్వాత ఇక పెరగదు.

బయటి చెవి, మధ్య చెవి పుట్టుక వేరు. పిండం మెడ దగ్గర వరసగా కొన్ని ఉబ్బులు వస్తాయి. వాటిలో మొదటి రెండింటిలోంచే దవడ, ముఖ కండరాలు, మధ్య చెవిలోని బుల్లి ఎముకలు వస్తాయి. ఆ రెండు ఉబ్బుల మీద సుమారు ఆరో వారంలో లేచే ఆరు చిన్న బుడిపెలు కలిసిపోయి చెవి దొప్ప అవుతుంది, వాటి మధ్య ఉన్న గాడి లోపలికి దిగి చెవి కాలువ అవుతుంది. ఈ కాలువ మొదట్లో తెరిచి ఉండదు. లోపలి కొస కణాలతో పూడుకుపోయి ఉంటుంది. ఇంచుమించు 21వ వారం దగ్గర ఆ పూడిక విడివడటం మొదలై 28వ వారానికి దారి తెరుచుకుంటుంది, అది కూడా కర్ణభేరి వైపు నుంచి బయటికి. ఈ చివరి పని ఒక్కటే ఆగిపోతే దొప్ప చక్కగా ఉండి కాలువ మాత్రం మూసుకుపోయిన బిడ్డ పుడుతుంది. ఆరో వారంలోనే తేడా వస్తే దొప్ప, కాలువ, ఎముకలు అన్నీ దెబ్బతింటాయి.

ఇంటికి గేటు, వరండా కట్టే మేస్త్రీ ఒకడు, లోపల కరెంటు పని చేసేవాడు ఇంకొకడు అయినప్పుడు మేస్త్రీ పని మధ్యలో ఆపేసినంత మాత్రాన లోపలి వైరింగ్ పాడవదు కదా, ఇక్కడ జరిగేది కూడా అంతే.

అయితే ఈ రెండు పనులూ ఒక చోట కలుస్తాయి. మధ్య చెవిలో మూడో ఎముక స్టేపిస్, ఒంట్లోకెల్లా చిన్న ఎముక, ఎత్తు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. దాని పై భాగం రెండో ఉబ్బులోంచి వస్తుంది. పాదంలో కొంత మాత్రం లోపలి చెవి చుట్టూ ఉండే ఎముక గూడులోంచి వస్తుంది. ఒకే ఎముకకి రెండు పుట్టుకలు. అందుకే సర్జన్ స్కాన్ చేతిలోకి తీసుకోగానే ముందు స్టేపిస్ కోసం వెతుకుతాడు. అది బాగా తయారై ఉంటే ఆపరేషన్‌కి ధైర్యం వస్తుంది, అది లేకపోయినా, దాని పాదం కింద లోపలి చెవిలోకి ఉండాల్సిన కిటికీ లాంటి రంధ్రం మూసుకుపోయి ఉన్నా లోపలి చెవిని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మరి బయటా లోపలా రెండూ దెబ్బతినేది ఎప్పుడు? దీనికి ప్రపంచానికి తెలిసిన పెద్ద ఉదాహరణ థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చి, గర్భిణుల వికారానికి కూడా మంచిదని పేరు తెచ్చుకుని ఎన్నో దేశాలకి పాకిన మందు. హాంబర్గ్‌లో విడుకిండ్ లెంజ్ అనే పిల్లల డాక్టర్ గట్టిగా హెచ్చరించాక 1961 నవంబరులో అక్కడ దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే వేల మంది పిల్లలు పుట్టేశారు. చేతులూ కాళ్ళూ సరిగ్గా లేని పిల్లల ఫొటోలే జనానికి గుర్తుండిపోయాయి కానీ వాళ్ళల్లో చెవులు లేకుండా పుట్టినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. తల్లి ఏ రోజు మాత్ర వేసుకుందో వెనక్కి లెక్కేసుకుంటూ పోతే ఒక వరస బయటపడింది: గర్భం నిలిచాక సుమారు 20 నుంచి 24 రోజుల మధ్య వేసుకుంటే చెవులు, ముఖ నరాలు దెబ్బతిన్నాయి, ఆ తర్వాతి రోజుల్లో వేసుకుంటే చేతులు, ఇంకా తర్వాత కాళ్ళు. పైన చెప్పిన 22వ రోజు సరిగ్గా ఈ చెవుల గడువులోనే పడుతుంది. అందుకే ఆ పిల్లల్లో కొందరికి దొప్ప, కాలువతో పాటు లోపలి చెవి మొత్తం లేకుండా పోయింది, ముఖం కదిలించే నరం, కనుగుడ్డుని పక్కకి తిప్పే నరం కూడా పని చేయలేదు.

20 నుంచి 24 రోజులంటే నెలసరి తప్పి వారం కూడా దాటీ దాటని సమయం. చాలామంది ఆడవాళ్ళకి అప్పటికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. మన ఇళ్ళల్లో ఇలాంటి బిడ్డ పుడితే గ్రహణం రోజు తల్లి బయట తిరిగిందనో, కత్తిపీట పట్టుకుందనో అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పచ్చి బాలింతని పట్టుకుని అనే మాటలవి. గ్రహణానికీ చెవికీ ఏ సంబంధమూ లేదు, తల్లి చేసిన పని వల్ల జరిగిందనడానికి ఎక్కువ కేసుల్లో ఏ ఆధారమూ ఉండదు. నిజంగా జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొండి మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు పడితే చెవి దొప్ప, కాలువ, లోపలి చెవి, గుండె, మెదడు అన్నింటికీ ముప్పే. ఆ మాత్రలు మానేసిన తర్వాత కనీసం నెల ఆగి గానీ గర్భం కోసం ప్రయత్నించకూడదు. గర్భం రాకముందు నుంచే ఉన్న షుగర్‌ని అదుపులో పెట్టుకోకపోతే కూడా ఇలాంటి చెవి లోపాల అవకాశం పెరుగుతుంది. పెళ్ళి కుదిరిందని మొహం నునుపు కోసం తెలిసిన మందుల షాపులో చీటీ లేకుండా ఐసోట్రెటినోయిన్ కొనుక్కునే అమ్మాయిలకి ఈ ముక్క ఎవరో ఒకరు చెప్పాలి.

రెండూ దెబ్బతినే ఇంకో దారి జన్యువులు. చెవి ముందు చిన్న సూది బెజ్జం లాంటి గుంట, మెడ పక్కన గడ్డ గానీ నీరు కారే రంధ్రం గానీ, కిడ్నీల్లో తేడా, దానికి తోడు వినికిడి లోటు ఉంటే బ్రాంకియో-ఓటో-రీనల్ సిండ్రోమ్ అని అనుమానిస్తారు. ఇందులో చాలామందికి కాక్లియా చుట్లు సరిగ్గా పడవు, దారి మూసుకుపోయిన లోటు, నరానికి సంబంధించిన లోటు కలిసి ఉంటాయి. ఇది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. (ఉత్త సూది గుంట ఒక్కటే అయితే కంగారు అక్కర్లేదు, అది మనలో చాలామందికి ఉంటుంది, సాధారణంగా ఏమీ చేయదు.) ఛార్జ్ సిండ్రోమ్‌లో కంటి లోపం, గుండె లోపం, ముక్కు వెనక దారి మూసుకుపోవడంతో పాటు లోపలి చెవిలోని అర్ధవృత్తాకార గొట్టాలు అసలు తయారవవు. ఆ పిల్లలు మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం అన్నీ ఆలస్యం. గోల్డెన్‌హార్ సిండ్రోమ్‌లో ముఖం ఒక పక్క చిన్నదిగా ఉంటుంది, మెడ ఎముకలు, కిడ్నీలు కూడా చూసుకోవాలి, లోపలి చెవి కొందరిలో బాగుంటుంది, కొందరిలో ఉండదు. ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్ దీనికి పూర్తిగా వేరు. ముఖం చూస్తే ఎక్కువ భయం వేసేది ఇక్కడే, రెండు చెవులూ మూసుకుపోయి, చెంప ఎముకలు లేక, కళ్ళు కిందికి వాలి ఉంటాయి, కానీ లోపలి చెవి మాత్రం సాధారణంగా బాగుంటుంది, తెలివితేటలకి ఏ లోటూ ఉండదు. సరైన మిషన్ సమయానికి పెడితే ఈ పిల్లలు మాటలు నేర్చుకుని అందరితో పాటు చదువుకుంటారు. ముఖం చూసి చెవి సంగతి చెప్పేయకూడదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మేనరికం గురించి అడుగుతారు కాబట్టి అది కూడా చెప్తాను. ఒక చెవి మూసుకుపోయి, ఇంకే తేడా లేని పిల్లల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో ఇలాంటిది ముందెన్నడూ ఉండదు, దానికి మేనరికాన్ని తప్పుపట్టలేం. కానీ దగ్గరి సంబంధాల వల్ల ఎక్కువయ్యే వినికిడి లోపాలు వేరే ఉన్నాయి. ఎఫ్‌జీఎఫ్3 అనే జన్యువు రెండు కాపీలూ చెడితే చెవి దొప్ప చిన్నదవుతుంది, పళ్ళు చిన్నవిగా ఎడం ఎడంగా వస్తాయి, లోపలి చెవి మాత్రం రెండు వైపులా పూర్తిగా ఉండదు. బయట చూస్తే చెవి కొద్దిగా చిన్నదే, అయినా లోపల ఏమీ లేదు. మేనరికం చేసుకున్న జంటకి ఇలాంటి బిడ్డ పుడితే జన్యు సలహా తీసుకోవడం రెండో కాన్పుకి ముందే జరగాలి.

లోపలి చెవిలో తేడా అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు, వాటిలో చాలా అంతరాలున్నాయి. చెవి కాలువ మూసుకుపోయిన పిల్లల స్కాన్లలో ఎక్కువగా కనిపించేది పక్క వైపు ఉండే అర్ధవృత్తాకార గొట్టం పొట్టిగానో వెడల్పుగానో ఉండటం. మూడు గొట్టాల్లో చివరగా తయారయ్యేది అదే కాబట్టి దెబ్బ తగిలే అవకాశం దానికే ఎక్కువ. ఇది ఒక్కటే ఉంటే వినికిడి మామూలుగానే ఉండొచ్చు, నడక కాస్త ఆలస్యం కావచ్చు. రిపోర్టులో ఆ వాక్యం చూసి తల్లిదండ్రులు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు, కానీ పిల్లాడు ఏడాదికి నడుస్తూ, మిషన్‌తో మాటలు పట్టుకుంటూ ఉంటే దాన్ని తలుచుకుని నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కాక్లియా చుట్లు రెండున్నరకి బదులు ఒకటిన్నర దగ్గర ఆగి, పై చుట్లు కలిసిపోయి ఉంటే దాన్ని మోండినీ లోపం అంటారు. 1791లో కార్లో మోండినీ అనే ఇటలీ వైద్యుడు మొదట వివరించాడు. దీనికి తోడుగా వెస్టిబ్యులర్ ఆక్విడక్ట్ అనే సన్న దారి వెడల్పుగా ఉండటం మామూలు. ఆ దారి మధ్యలో 1.5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వెడల్పు కింద లెక్క. ఈ పిల్లలకి తలకి దెబ్బ తగిలితే ఉన్న వినికిడి ఒక్కసారిగా పడిపోవచ్చు, కాబట్టి సైకిల్ మీద హెల్మెట్ తప్పనిసరి, తల దెబ్బలు తగిలే ఆటలు వద్దు. కాక్లియా మరీ చిన్నదిగా ఉండటం, అసలు లోపలి చెవే లేకపోవడం అరుదు. వీటన్నిటికంటే కూడా తేలిగ్గా దాటిపోయేది నరం. కాక్లియా చక్కగా ఉండి, దాని నుంచి మెదడుకి వెళ్ళే నరం సన్నగా ఉన్నా, లేకపోయినా సీటీ స్కాన్‌లో నేరుగా కనపడదు. నరం వెళ్ళే ఎముక దారి ఇరుకుగా ఉందన్న సూచన మాత్రమే దొరుకుతుంది. నరాన్ని చూపించేది ఎమ్మారై.

స్కాన్ల కంటే ముందు చేయాల్సింది వినికిడి పరీక్ష, నా ఉద్దేశంలో గొడవంతా ఇక్కడే జరుగుతోంది. పుట్టిన పిల్లలకి చేసే మొదటి స్క్రీనింగ్ ఓఏఈ, అంటే శబ్దం పంపితే లోపలి చెవి తిరిగి పంపే సన్నని ధ్వనిని పట్టుకునే పరీక్ష. చెవి కాలువలో చిన్న ప్రోబ్ పెట్టి చేస్తారు. కాలువే లేని చెవికి ఆ పరీక్ష చేయడం కుదరదు. అక్కడ "రిఫర్", అంటే ఇంకా పరీక్ష కావాలి అని రాసి పంపిస్తారు, ఇంట్లోవాళ్ళేమో అది చెవుడు అని తేల్చేసిన కాగితం అనుకుని కుమిలిపోతారు. కావాల్సింది బెరా, అంటే శబ్దానికి వినికిడి నరం, మెదడు కాండం ఇచ్చే జవాబుని కొలిచే పరీక్ష. అందులోనూ రెండు రకాలు: గాలి ద్వారా శబ్దం పంపేది, ఎముక ద్వారా పంపేది. మొదటిది ఒక్కటే చేసి "కుడి చెవి 60, ఎడమ చెవి మామూలు" అని రిపోర్టు ఇచ్చేస్తే ప్రశ్నలో సగం మిగిలిపోయినట్టే.

ఎముక ద్వారా చేసే బెరా ఎలా ఉంటుందంటే, బిడ్డకి కడుపు నిండా పాలిచ్చి నిద్రపుచ్చుతారు. నుదుటి మీద, చెవుల వెనక చర్మాన్ని గరుకు జెల్‌తో రుద్ది ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉండే ఒక నల్ల డబ్బీని చెవి వెనక ఎముకకి ఆనించి బ్యాండ్‌తో పట్టి ఉంచుతారు. అది టిక్ టిక్ మని అదురుతుంటే ఆ అదురు కాలువనీ కర్ణభేరినీ ముట్టుకోకుండా నేరుగా కాక్లియాకి చేరుతుంది. కంప్యూటర్ తెర మీద మెదడు కాండం నుంచి వచ్చే అలలు గీతలుగా పేరుకుంటాయి. శబ్దం తగ్గించుకుంటూ పోతుంటే ఐదో అల చిన్నదవుతూ, వెనక్కి జరుగుతూ, చివరికి మాయమవుతుంది. మెల్లని శబ్దాలకి, అంటే 20 డెసిబెల్స్ దగ్గర కూడా ఆ అల నిలబడితే లోపలి చెవీ నరమూ పని చేస్తున్నట్టే. గది బయట కూర్చున్న తల్లికి ఆ ఒక్క మాట చెప్తే చాలు, ఆవిడ మొహం తేటపడుతుంది. ఆ డబ్బీ గట్టిగా అదిరినా 45, 50 దాటి పంపలేదు కాబట్టి, ఏ అలా రాకపోతే లోపల కనీసం అంత లోటు ఉందని అర్థం, చెవి పూర్తిగా చచ్చిపోయిందని కాదు.

ఇందులో ఒక చిక్కుంది. పుర్రె ఒక పక్క అదిరితే ఆ అదురు రెండో పక్కకి కూడా పాకుతుంది. అప్పుడు జవాబు చెప్పింది ఏ వైపు కాక్లియానో ఎలా తెలియాలి? పెద్దవాళ్ళల్లో అయితే రెండో చెవిలో హోరు శబ్దం పెట్టి దాన్ని బిజీగా ఉంచుతారు. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డకి ఆ హోరు పంపడానికి కూడా దారి లేదు. అదృష్టం కొద్దీ పసిపిల్లల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు, మధ్యలో సందులుంటాయి, కాబట్టి అదురు అటు పక్కకి చేరేలోపు కొంత తగ్గిపోతుంది. రెండు చెవుల వెనకా ఒకేసారి రికార్డు చేసి, ఏ వైపు అల ముందుగా, పెద్దగా వచ్చిందో పోల్చి చూస్తే ఏ కాక్లియా పలికిందో తేల్చొచ్చు. బిడ్డ పెద్దయ్యేకొద్దీ ఈ సౌలభ్యం పోతుంది. మొదటి నెలల్లోనే చేయించుకోమని గట్టిగా చెప్పేది అందుకే. ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటుంది: నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు పూర్తి పరీక్ష, ఆరు నెలల్లోపు మిషన్, థెరపీ మొదలు.

ఇంకొక్క మాట, ఇది చాలామంది వదిలేసేది. ఒక వైపే మూసుకుపోయిన బిడ్డకి రెండో చెవి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ చెవిలోనే లోపలి లోటు ఉన్న పిల్లలు ఉన్నారు. బాగున్న చెవికి పూర్తి పరీక్ష చేయకుండా "ఒక చెవి ఉంది కదా, చాలు" అని పంపించేస్తే రెండేళ్ళు వచ్చినా మాటలు రాని పిల్లాడితో ఆ తల్లి మళ్ళీ తిరగాల్సి వస్తుంది.

ఎముక బెరా మామూలుగా వచ్చిన పసిబిడ్డకి సీటీ స్కాన్ కోసం తొందర లేదు. మత్తు, రేడియేషన్ రెండూ ఉన్నాయి, పైగా ఆ వయసులో చూసి చేసేదేమీ లేదు. రంధ్రం పెట్టే ఆపరేషన్ గురించి ఆలోచించే ఐదారేళ్ళ వయసులో తీస్తే సరిపోతుంది. అప్పుడు సర్జన్లు అమెరికా డాక్టర్ రాబర్ట్ జార్స్‌డోర్ఫర్ 1992లో ఇచ్చిన పది మార్కుల లెక్క వేస్తారు. స్టేపిస్‌కి రెండు మార్కులు, మిగతా ఎముకలు, మధ్య చెవిలో జాగా, ముఖ నరం వెళ్ళే దారి, కిటికీలు, దొప్ప ఆకారం, ఇలా మిగిలిన వాటికి ఒక్కొక్కటి. ఎనిమిది, ఆపైన వస్తే ఆపరేషన్‌కి మంచి అవకాశం. ఈ పది మార్కుల్లో కాక్లియాకి ఒక్క మార్కు కూడా లేదు. ఎందుకంటే లోపలి చెవి బాగుందని ముందే తేలాకే ఈ లెక్కలోకి రావాలి. కాక్లియా పని చేయని చెవికి ఎంత అందమైన కాలువ తవ్వినా వినపడదు, ముఖ నరానికి ముప్పు మాత్రం మిగులుతుంది, ఈ పిల్లల్లో చాలాసార్లు ఆ నరం ఉండాల్సిన చోట ఉండదు, ముందుకీ బయటికీ జరిగి ఉంటుంది.

ఎముక బెరా తేడాగా వస్తే మాత్రం స్కాన్లు ఆపకూడదు, సీటీ, ఎమ్మారై రెండూ చూడాలి. కాలువ పూర్తిగా మూసుకోకుండా రెండు మిల్లీమీటర్లో అంతకంటే ఇరుకుగానో ఉన్నవాళ్ళ సంగతి కూడా వేరు. లోపల రాలిన చర్మం బయటికి రాలేక పేరుకుపోయి, కొలెస్టియటోమా అనే గడ్డగా మారి చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది, వదిలేస్తే బాగున్న లోపలి చెవిని కూడా పాడుచేస్తుంది. ఆ ఇరుకు రంధ్రంలో ఆముదమో, కొబ్బరినూనో, వెల్లుల్లి కాచిన నూనో పోయకండి. పెద్దవాళ్ళు ఎంత చెప్పినా సరే.

మిషన్ల విషయంలో మన దగ్గర ఒక పెద్ద అపోహ ఉంది. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కాక్లియర్ ఇంప్లాంట్ పేరు ఊరూరా తెలిసింది, దాంతో చెవి మూసుకుపోయిన బిడ్డని చూసి కూడా "ఇంప్లాంట్ వేయించేయండి" అంటారు. కాక్లియా పని చేయనివాళ్ళకి దాని పనిని కరెంటుతో చేసే పరికరం అది. ఈ పిల్లల్లో ఎక్కువమందికి కాక్లియా నిక్షేపంగా ఉంటుంది, వాళ్ళకి కావాల్సింది శబ్దాన్ని అదురుగా మార్చి ఎముకకి ఇచ్చే మిషన్. పసివాళ్ళకి దాన్ని మెత్తని బ్యాండ్‌కి తగిలించి తలకి కడతారు, ఆపరేషన్ అక్కర్లేదు, రెండు మూడు నెలల వయసు నుంచే పెట్టొచ్చు. ఎముకలో చిన్న టైటానియం మర బిగించి దానికి మిషన్ తగిలించే పద్ధతి 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది, దానికి పుర్రె కాస్త దళసరి కావాలి కాబట్టి ఐదేళ్ళ వరకూ ఆగుతారు. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డకి బ్యాండ్ మిషన్ ఒక్క నెల కూడా ఆలస్యం చేయొద్దు. ఒక వైపే అయితే పెట్టాలా వద్దా అన్నది ఆడియాలజిస్టుతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. నన్నడిగితే ఒకసారి పెట్టి చూడండి, బిడ్డ ఉంచుకుంటే ఉంచండి అంటాను.

లోపలి చెవి కూడా దెబ్బతిన్న పిల్లల్లో లోటు కొంచెమే అయితే ఎముక మిషనే శక్తి ఎక్కువున్నది పెడతారు. ఎక్కువైతే, నరం ఉండి కాక్లియాలో వైరు పట్టే చోటుంటే, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్. దారి తప్పిన ముఖ నరం వల్ల ఆ ఆపరేషన్ మామూలు కంటే కష్టం, అలవాటున్న సర్జన్ దగ్గరికే వెళ్ళాలి. కాక్లియా గానీ నరం గానీ అసలు లేకపోతే నేరుగా మెదడు కాండం మీద పెట్టే ఇంప్లాంట్ ఒకటుంది, మన దేశంలోనూ చేస్తున్నారు, కానీ కాక్లియర్ ఇంప్లాంట్ అంత స్పష్టంగా దాంతో మాటలు రావడం అరుదు. ఆ ఇంట్లో మొదటి రోజు నుంచే సైగల భాష కూడా నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. భాష ఏదైనా మూడేళ్ళలోపు అందాలి.

లోపలి చెవిలో లోపం ఉన్న కొందరికి మెదడు చుట్టూ ఉండే నీటికీ చెవికీ మధ్య దారి ఉండిపోతుంది, అక్కడి నుంచి సూక్ష్మజీవులు ఎక్కి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రావచ్చు. బిడ్డకి మెనింజైటిస్ రెండోసారి వచ్చిందంటే చెవుల స్కాన్ తీయించాల్సిందే. న్యుమోకాకల్ టీకా ఇప్పుడు మన సర్కారు టీకాల పట్టికలోనే ఉంది, ఒక్క డోసు కూడా తప్పించకండి.

పరీక్షలకి ప్రభుత్వ దారులు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ముందస్తు చికిత్సా కేంద్రాలు పనిచేస్తున్నాయి, హైదరాబాద్ కోఠిలో, విశాఖలో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రులు ఉన్నాయి, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎక్కడికి వెళ్ళినా "ఎముక ద్వారా కూడా బెరా చేయండి, రెండు చెవులకీ చేయండి" అని నోరు తెరిచి అడగండి. వికలాంగ సర్టిఫికెట్ గురించి కూడా ముందే తెలుసుకుంటే మంచిది: 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోటు ఉంటేనే లెక్కలోకి వస్తుంది, ఒక చెవి పూర్తిగా మూసుకుపోయి రెండోది బాగుంటే ఆ నిర్వచనంలోకి రారు. క్లాసులో పిల్లాడు టీచర్ మాట సగమే పట్టుకుంటున్నా సరే. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

చెవులు కుట్టించే వేడుక వస్తే, చిన్న చెవి తమ్మెని సర్జన్‌ని అడగకుండా కుట్టించకండి. పక్కటెముక మృదులాస్థితో కొత్త దొప్ప కట్టేటప్పుడు ఆ తమ్మె పనికొస్తుంది.

ఇక ఒక చెవి మీదే బతికే పిల్లలకి జలుబంటే చిన్న విషయం కాదు. కర్ణభేరి వెనక నీరు చేరితే ఆ ఒక్క చెవి కూడా మందగిస్తుంది, పిల్లాడు చెప్పలేడు, పిలిస్తే పలకడు, మొండి అనుకుని తిట్టేస్తాం. జలుబు తగ్గి రెండు వారాలైనా "ఆఁ?" అంటూ ఉంటే, టీవీ సౌండ్ పెంచుతుంటే, బాగున్న చెవికి టింపనోమెట్రీ, అంటే కర్ణభేరి కదలికని చూసే పరీక్ష చేయించండి, రెండు మూడు నిమిషాల పని, నొప్పి ఉండదు. బడిలో ఆ చెవి టీచర్ వైపు ఉండేలా ముందు బెంచీలో కూర్చోబెట్టమని జూన్‌లోనే వెళ్ళి చెప్పి రండి, ఆరు నెలలకోసారి వినికిడి పరీక్ష తప్పించకండి.